పోలీస్ స్టేషన్ ఎదురు బేకరీలో

పాత ఫోన్ అమ్ముకుందామని వచ్చిన కుర్రవాడిని తీసుకెళ్లి పోలీస్ స్టేషన్ ఎదురుగా కూర్చోబెడితే ఎలా ఉంటుంది? మన లిఫ్ట్ మెకానిక్‌కి అలాగే ఉంది. ఏ నేరమూ చేయకుండానే మాటిమాటికీ చొక్కా సర్దుకుంటున్నాడు. బేకరీ అద్దంలోంచి చూస్తే స్టేషన్ గుమ్మం దగ్గర కానిస్టేబుల్ ఆవలిస్తూ కనబడుతున్నాడు.

"ఇక్కడే ఎందుకండీ? మీ ఇంటికి దగ్గరా?" అని అడిగాడు.

"కాదు. స్టేషన్‌కి దగ్గర," అంది ఎదురుగా కూర్చున్న అమ్మాయి, బ్యాగులోంచి చార్జరు తీస్తూ.

పక్క టేబుల్ దగ్గర ఒక పెద్దమనిషి న్యూస్‌పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. పేపరు కిందనుంచి ఒక చెయ్యి బయటికొచ్చి, ప్లేటులో కేకు ముక్క తుంచుకుని, మళ్లీ లోపలికి వెళ్తోంది. ఆయన ఆ అమ్మాయి బాబాయి. ఎవరికీ తెలియకుండా కాపలా కాయడానికి వచ్చాడు. వచ్చినప్పటినుంచీ ఒక్క పేజీ తిప్పలేదు.

ఈ అమ్మాయికి చక్కటి పేరే ఉంది. కానీ ఇంట్లో అందరూ సబ్బు అంటారు కాబట్టి మనమూ అలాగే అందాం. కిందటేడు ముక్కూ ముఖం తెలియని మనిషి దగ్గర, సగం ధరకే వస్తోందని ఫోన్ కొంది. డబ్బు ముందే పంపింది. పెట్టె ఇంటికి వచ్చింది. విప్పితే లోపల బట్టల సబ్బు. మంచి సబ్బేనని, మరకలు బాగా వదిలాయని బాబాయి ఇప్పటికీ మెచ్చుకుంటూ ఉంటాడు.

నవ్వులాటతో పోతే సర్దుకునేదే. పోలేదు. వాళ్లకి ఒక కళ్లజోళ్ల షాపు ఉంది. సబ్బు కళ్ల పరీక్షల చదువు చదివి, అందులోనే పనిచేస్తోంది. పొద్దున్నే షట్టరు ఎత్తేది ఆమె, అద్దాలు అరగదీసేది ఆమె, ముసలాళ్ల చెవులకి ఫ్రేము సరిచేసేది ఆమె. తాళాలు మాత్రం నాన్న జేబులో ఉంటాయి. నాన్నా, షాపు నాకు అప్పగించు, నువ్వు హాయిగా కూర్చో అని ఆమె ఎప్పుడు అడిగినా ఆయన ఒకటే మాట: ఫోన్ బదులు సబ్బు కొన్నదానివి, రేపు ఫ్రేముల బదులు నీకు ఇనప తీగలు అంటగడతారు.

ఆమె వదల్లేదు. చివరికి ఆయనే విసిగిపోయి ఒక పరీక్ష పెట్టాడు. ఫ్రేముల ఫోటోలు తీసి పంపడానికి షాపుకి ఒక ఫోన్ కావాలి. కొత్తది అక్కర్లేదు. మోసపోకుండా పాతది కొనుక్కురా, ఆరోజే తాళాలు నీ చేతిలో పెడతాను.

అందుకే ఈ బేకరీ, ఈ పట్టపగలు, ఆ పేపరు వెనక బాబాయి.

నిజం చెప్పాలంటే ఆమెకి అనుమానం తెప్పించింది మెకానిక్ ఇచ్చిన ప్రకటనే. అందరూ కొత్తదానిలా ఉంది, అసలు వాడనే లేదు అని రాస్తారు. ఇతను ఏం రాశాడో తెలుసా? చాలాసార్లు కింద పడింది, ఒకసారి లిఫ్ట్ గోతిలో. ఎడమ మూల గీత ఉంది. బ్యాటరీ సాయంత్రం దాకా వస్తుంది, ఆ తర్వాత రాదు. వాన పడితే స్పీకర్ గొంతు బొంగురుపోతుంది. ఇన్ని చెప్పుకున్నాడంటే ఇంకేదో పెద్దది దాచాడని సబ్బు లెక్క వేసింది.

"ఎందుకు అమ్మేస్తున్నారు?" అని నిలదీసింది.

"కంపెనీవాళ్లు ఫోన్ ఇచ్చారండీ. రెండు ఫోన్లు పెట్టుకోవడానికి నాకు ఫోన్ చేసేవాళ్లు అంతమంది లేరు."

నవ్వొచ్చింది. కొనేవాళ్లు నవ్వితే ధర తగ్గదని ఆపుకుంది.

ఇక పరీక్ష మొదలైంది. ఫోన్ గుర్తింపు నంబరు తెర మీదికి తెప్పించి, పెట్టె మీది నంబరుతో, బిల్లు మీది నంబరుతో పక్కపక్కన పెట్టి చూసింది. ఎక్కడైనా పోయిన ఫోనేమోనని ఆ నంబరు ఇంటర్నెట్‌లో వెతికింది. చార్జరు పెట్టింది, తీసింది. కెమెరాతో కేకుల అల్మరా ఫోటో తీసింది. తెరంతా వేలితో గీసి చూసింది. తర్వాత తన సిమ్ వేసి ఒక నంబరు నొక్కింది. పక్క టేబుల్ దగ్గర పేపరు వెనక ఫోన్ మోగింది.

"బాబాయ్, వినిపిస్తోందా?"

"ఆఁ, వినిపిస్తోంది," అని పేపరు గుసగుసలాడింది.

మెకానిక్ కాస్త ముందుకి వంగి, "మీ బాబాయిగారికి ఇంకో కేకు చెప్పమంటారా?" అని అడిగాడు.

"ముందే తెలుసా మీకు?"

"పేపరుకి చిల్లు ఉందండీ. చిల్లులో కన్ను ఉంది."

సరిగ్గా అప్పుడే బయట వాన మొదలైంది. రోడ్డు మీది జనం బేకరీ చూరు కిందికి పరిగెత్తారు. సబ్బు గబుక్కున స్పీకర్ ఆన్ చేసింది. అప్పటిదాకా శుభ్రంగా మాట్లాడిన ఫోన్ జలుబు చేసిన మనిషిలా గరగరలాడింది.

"చెప్పాను కదండీ," అన్నాడు మెకానిక్, ముఖం వెలిగిపోతుంటే.

తన వస్తువులో లోపం బయటపడితే ఇంత సంతోషించే అమ్మకందారుని ఆమె ఎప్పుడూ చూడలేదు. అప్పుడు మొదటిసారి అతన్ని సరిగ్గా చూసింది. చూడగానే ప్రాణం విసిగిపోయింది. కళ్లజోడు ఒక పక్కకి ఒరిగి ఉంది. కుడి అద్దం కనుబొమ్మ దగ్గర, ఎడమ అద్దం బుగ్గ దగ్గర. రోజంతా ఫ్రేములు సరిచేసే మనిషి ఎదురుగా అలాంటి ముఖం పెట్టుకుని కూర్చోవడం ఏం న్యాయం?

కళ్లజోడు ఇటివ్వమంది. ఇదీ పరీక్షలో భాగమే కాబోలని అతను తీసిచ్చాడు. ఆమె ఫ్రేము కాడని కాస్త వంచి, వెలుగులో పెట్టి చూసి, లేచి తనే అతని ముఖానికి పెట్టింది. పెట్టేటప్పుడు వేళ్లు అతని చెవుల వెనక తగిలాయి. ఆ చెవులు ఎర్రబడ్డాయి. పేపరు చిల్లు పెద్దదైంది.

"ఇప్పుడెలా ఉంది?"

"ఇందాకటిదాకా మీరు ఏటవాలుగా ఉన్నారండీ. ఇప్పుడు..." అని ఆగిపోయాడు. "ఇప్పుడు బాగుంది."

"స్క్రూ వదులుగా ఉంది. రేపు ఆదివారం, షాపు సెలవు. సోమవారం రండి, బిగిస్తాను," అని షాపు కార్డు ఇచ్చింది.

బేరం కుదిరింది. ఫోన్‌లో తన సరుకంతా తుడిచేసి ఇస్తానన్నాడు మెకానిక్. ఇక్కడే వచ్చింది చిక్కు. తుడిచే ముందు పాత యజమాని తన అకౌంట్‌ని ఫోన్‌లోంచి తీసేయాలి. ఆ సంగతి సబ్బుకి తెలుసు. అయితే సరిగ్గా ఆ కాస్సేపు ఆమె చూపు ఫోన్ మీద లేదు. కళ్లజోడు నిటారుగా నిలబడిందా లేదా అని అతని ముఖం వైపు చూస్తోంది. వృత్తిధర్మం అనుకుందాం.

మెకానిక్ మెనూల జోలికి పోలేదు. ఫోన్ పక్కనున్న బటన్లు కలిపి నొక్కి పట్టాడు. మా పనిలో లిఫ్ట్ మొండికేస్తే ప్యానెల్‌ని బతిమాలేదేమీ ఉండదండీ, మెయిన్ స్విచ్ కట్టేసి మళ్లీ వేస్తాం అని గొప్పగా చెప్పాడు. తెర నల్లబడింది, తర్వాత కొత్త ఫోన్‌లా స్వాగతం పలికింది. ఇద్దరికీ తృప్తిగా ఉంది. అమ్మినట్టు కాగితం మీద సంతకం పెట్టి, గుర్తింపు కార్డు నకలు ఇచ్చి, అతను ఆమె ఇచ్చిన డబ్బు కవరుని ప్యాంటు జేబులో, తన సిమ్‌ని చొక్కా జేబులో వేసుకున్నాడు.

"మీకూ ఒక జాగ్రత్త చెప్తాను," అంది సబ్బు లేస్తూ. "మీ ఫోన్ పరాయి చేతికి వెళ్లింది కదా, ఇంటికెళ్లగానే పాస్‌వర్డ్ మార్చేసుకోండి. ఎవరికీ చెప్పకండి."

అలాగేనండీ అని తల ఊపాడు. కళ్లజోడు కదల్లేదు.

ఇంటికి వెళ్లేసరికి నాన్న తాళాలగుత్తి టేబుల్ మీద పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. పెట్టె చూశాడు, బిల్లు చూశాడు, సంతకం చూశాడు. పర్వాలేదే అన్నట్టు బాబాయి వైపు చూశాడు. సబ్బు ఫోన్ ఆన్ చేసి, భాష ఎంచుకుని, వైఫై కలిపింది. ఇంతకుముందు ఈ ఫోన్‌లో వాడిన అకౌంట్, పాస్‌వర్డ్ ఇస్తేనే ముందుకి వెళ్లనిస్తానంది ఫోన్. వెనక్కి వెళ్లి మళ్లీ చేసింది. మళ్లీ అదే మాట.

నాన్న తాళాలు తీసి జేబులో వేసుకున్నాడు. "సబ్బయితే బట్టలన్నా ఉతుక్కున్నాం."

ఆమె మెకానిక్‌కి ఫోన్ చేసింది. కలవలేదు. రాత్రి కలవలేదు, ఆదివారం పొద్దున కలవలేదు, మధ్యాహ్నం కూడా కలవలేదు. బాబాయి ఊరుకోకుండా, అన్నీ చెప్పి అసలుది మింగేశాడన్నమాట అన్నాడు. అది ఆమె అనుమానమే. అయినా బాబాయి నోట వింటే ఒళ్లు మండింది. కాగితం ఉంది కదా, స్టేషన్‌కి పోదాం పద, కేకు కూడా తినొచ్చు అన్నాడాయన.

"రేపు వస్తాడు," అంది సబ్బు.

"ఎందుకొస్తాడు?" అన్నాడు నాన్న.

"స్క్రూ వదులుగా ఉంది."

నాన్న ఆమె ముఖంలోకి తేరిపార చూశాడు. కూతురు ఇంత నమ్మకంగా మాట్లాడిన మాట ఈమధ్య ఆయన విన్లేదు. "సరే. రేపు వాడు తనంతట తను వస్తే తాళాలు నీవి. రాకపోతే మళ్లీ నా దగ్గర షాపు మాట ఎత్తకు."

సోమవారం ఆమె ఒక్క కస్టమరునీ సరిగ్గా చూడలేదు. తలుపు గంట మోగినప్పుడల్లా తల అటు తిరిగేది. దగ్గర చూపు అడిగినావిడకి దూరం చూపు అద్దాలు ఇవ్వబోయింది. మధ్యాహ్నం దాటింది. నాన్న జేబులో తాళాలు కావాలని మోగిస్తున్నట్టే మోగుతున్నాయి. ఆమెకి దుఃఖం ముంచుకొచ్చింది. తాళాలు పోతున్నందుకా, అతను రానందుకా అంటే రెండో దానికే ఎక్కువ, అది ఆమెకి ఇంకా కోపం తెప్పించింది.

అప్పుడు తలుపు గంట మోగింది. మోచేతి దాకా గ్రీజు మరకలతో, దారి మధ్యలో స్క్రూ ఊడిపోయిందేమో కళ్లజోడు చేత్తో పట్టుకుని, మెకానిక్ నవ్వుతూ లోపలికి వచ్చాడు.

"స్క్రూ అండీ," అన్నాడు.

సబ్బుకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నోరు తెరిచేలోపే నాన్న అతని భుజం మీద చెయ్యివేసి, రా బాబూ, ముందు కళ్లు చూద్దాం అని చీకటి గదిలోకి నడిపించాడు. కుర్చీలో కూర్చోబెట్టి రెండు కళ్లలోనూ చుక్కల మందు వేశాడు. ఆ మందు పడితే కొన్ని గంటలదాకా దగ్గరివేవీ ఆనవు. పారిపోదామన్నా గుమ్మం తగులుతుంది. ఎదురుగా గోడ మీద అక్షరాల పట్టీ వెలిగింది. బాబాయి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. చేతిలో పేపరు అలాగే ఉంది.

"పై వరుస చదువు."

చదివాడు.

"రెండో వరుస. నిన్నంతా ఫోన్ ఎందుకు కట్టేశావు?"

"అది ఆ వరుసలో లేదండీ."

సబ్బు పెదవి కొరుక్కుంది. మెకానిక్ అమాయకంగా ఉన్నదున్నట్టు చెప్పుకొచ్చాడు. సిమ్ చొక్కా జేబులో మరిచిపోయాడట. వాళ్లమ్మ ఆ చొక్కాని వాషింగ్ మెషిన్‌లో వేసిందట. సిమ్ తళతళలాడుతోంది కానీ పనిచేయట్లేదట. కొత్తది వచ్చేదాకా ఆ నంబరు మూగదే. ఏ సబ్బు వాడతారు అని బాబాయి ఆరా తీశాడు.

సబ్బు ఫోన్ తెచ్చి జరిగింది చెప్పింది. అకౌంట్ తీయకుండా బటన్లు నొక్కి తుడిచేశారు, ఇప్పుడిది మీ పాస్‌వర్డ్ అడుగుతోంది అంది. అతని ముఖం పాలిపోయింది. లిఫ్ట్‌ని ఆపినట్టు ఆపేశాను అని గొణిగాడు. తడుముకుంటూ జేబులోంచి ఒక కవరు తీసి ఆమె వైపు చాచాడు. ఆమె ఇచ్చిన కవరే.

"ఇంకా విప్పలేదండీ. తీసేసుకోండి. ఫోన్ కూడా మీ దగ్గరే ఉంచండి. మీరు ఇంట్లో మాటపడ్డారు కదా నావల్ల. ఆ సంగతి తెలియక నవ్వుకుంటూ వచ్చాను."

ఆ గొంతులో బాధ విని తలుపు దగ్గర బాబాయి కూడా కాళ్లు మార్చుకుని నిలబడ్డాడు. సబ్బు కవరు తీసుకోలేదు. డబ్బు వద్దు, పాస్‌వర్డ్ కొట్టండి చాలు అని ఫోన్ చేతికిచ్చింది. అతను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, చెయ్యి చాచి దూరంగా పెట్టాడు. ఒక్క అక్షరం ఆనలేదు.

"నోటితో చెప్పు, అమ్మాయి కొడుతుంది," అన్నాడు నాన్న.

పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకూడదని సబ్బు అడ్డం పడింది. రేపు కళ్లు బాగయ్యాక వచ్చి కొడతానని మెకానిక్ కుర్చీలోంచి లేవబోయాడు. రేపు వస్తానని వెళ్లినవాళ్లని చాలామందిని చూశానన్నాడు నాన్న. పోనీ ఆమెకి ఒక్కదానికే చెవిలో చెప్తానన్నాడు మెకానిక్. నలుగురిలో అమ్మిన వస్తువు, నలుగురిలోనే చెప్పు అన్నాడు నాన్న. ఇక దారి లేదు. అకౌంట్ పేరు చెప్పాడు. తర్వాత గోడ మీది అక్షరాల వైపు చూస్తూ, చెమట తుడుచుకున్నాడు.

"మీరే కదండీ మార్చుకోమన్నారు. బేకరీ నుంచి వెళ్లగానే మార్చాను. మర్చిపోకుండా ఉండేదేదైనా పెట్టుకోవాలి కదా. అప్పుడు నాకు ఇంకేమీ తట్టలేదు."

"చెప్పండి," అంది సబ్బు.

"తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో. బేకరీలో చూసిన అమ్మాయి మళ్లీ కనబడాలి."

నాన్న కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. తుడవడానికి అందులో ఏమీ లేదు.

"మధ్యలో ఖాళీలు ఉన్నాయా?" అన్నాడు బాబాయి.

"లేవండీ. కలిపేశాను."

సబ్బు కొట్టింది. తప్పు అంది ఫోన్. "ఇంకోసారి చెప్పండి," అంది తల ఎత్తకుండా. అతను ఇంకోసారి చెప్పాడు, ఈసారి ఇంకా నెమ్మదిగా. ఆమె నిజంగా తప్పు కొట్టిందా, కావాలనే కొట్టిందా అని నన్ను అడగకండి. రెండోసారి ఫోన్ తెరుచుకుంది.

నాన్న జేబులోంచి తాళాలు తీశాడు. ఒకసారి చేతిలో ఎగరేసి చూసుకుని, కూతురి అరచేతిలో పెట్టాడు. "ఫోన్ కొనడం నీకు ఇంకా రాదు," అన్నాడు. "మనిషిని చూడటం వచ్చింది. షాపుకి అది చాలు."

ఆమె తాళాలు గుండెకి అదుముకుంది. తర్వాత షాపు యజమానురాలి గొంతు తెచ్చుకుంది. నలుగురికీ తెలిసిన పాస్‌వర్డ్ ఇక పనికిరాదని, ఇప్పుడే మార్చాలని అంది. ఏమని మార్చను అని అతను అడిగేలోపే తనే కొత్తది కొట్టేసింది. ఆ వెంటనే, మెనూలోకి వెళ్లి, పద్ధతిగా, అతని అకౌంట్‌ని ఫోన్‌లోంచి తీసేసింది.

"కొత్తది ఏంటండీ?"

"కళ్లు సరయ్యాక రేపు రండి."

మర్నాడు షాపు తెరిచే వేళకే మెకానిక్ గుమ్మంలో ఉన్నాడు. చేతులకి గ్రీజు లేదు, తల దువ్వి ఉంది. సబ్బు అతన్ని చీకటి గదిలో కూర్చోబెట్టి, కొత్త అద్దాలు వేసి స్క్రూ బిగించిన కళ్లజోడు ముఖానికి పెట్టి, పట్టీ వెలిగించింది. పై వరుసలన్నీ గడగడా చదివాడు.

"అన్నిటికన్నా కిందిది," అంది ఆమె, వెనక నిలబడి.

పట్టీ అడుగున చిన్న కాగితం ముక్క అంటించి ఉంది. పాస్‌వర్డ్ ఎక్కడా రాసిపెట్టకూడదని ఊరందరికీ చెప్పే మనిషి, చేత్తో రాసి గోడకి అంటించింది. అతను కళ్లు చికిలించి చదివాడు.

"స్క్రూ ఊడకపోయినా రావచ్చు."

చదివాక కదల్లేదు. వెనక్కి తిరిగి చూసే ధైర్యం చాల్లేదు.

"కనిపిస్తోందా?" అంది ఆమె.

"కనిపిస్తోందండీ. ఇంకోసారి చదవమంటారా?"

"చదవండి."

బయట కౌంటరు దగ్గర నాన్న గట్టిగా దగ్గాడు. కుర్రాడు మంచివాడే అనిపిస్తోందని, అయినా ఊరికే నమ్మేయకూడదని, వాళ్ల అమ్మానాన్నల్ని తీసుకురమ్మంటే అన్నీ చూసుకునే మాట్లాడదామని, గదిలోకి వినిపించేలా బాబాయితో అన్నాడు. లోపాలేమైనా ఉంటే కుర్రాడే ముందు చెప్పేస్తాడు, మనం అడగక్కర్లేదు అని బాబాయి భరోసా ఇచ్చాడు. ఇంతకీ ఎక్కడ కలుద్దాం అన్నాడు.

సబ్బు చీకటి గదిలోంచి తల బయటికి పెట్టింది. చెవులు ఎర్రగా ఉన్నాయి, నడుముకి దోపిన తాళాలు గలగలమంటున్నాయి.

"పోలీస్ స్టేషన్ ఎదురు బేకరీలో," అంది. "పట్టపగలు, నలుగురిలో. ఈసారి పేపరు వద్దు బాబాయ్, మా పక్కనే కూర్చో."